ఆమె కొన్న తాళం

మా ఆవిడ కార్తీకమాసంలో ఒక శుక్రవారం పొద్దున పోయింది. గుండె ఆగింది. వంటింట్లో గోడకు ఆనుకుని కూర్చుంది, మళ్ళీ లేవలేదు. ఆ సమయానికి మా వరండాలో కొండకు పోయేందుకు వచ్చిన నలుగురు ఉన్నారు. వాళ్ళకు కాఫీ ఇచ్చి లోపలికి వచ్చి కూర్చుంది, అంతే. ఆ నలుగురూ మాకు చుట్టాలు కారు. పలమనేరు నుంచి మా బావ పంపితే వచ్చినవాళ్ళు.

డాక్టరు వచ్చి చూసి తల అడ్డంగా ఊపాడు. నేను వరండాలోకి వచ్చేసరికి వాళ్ళలో పెద్దాయన గుసగుసగా అంటున్నాడు: "ఇంక ఈ ఇంట్లో నీళ్ళు గూడా ముట్టగూడదు. పదండి, పదండి. మైల తగిలితే దర్శనం లేదు." సంచులు అందుకుని, చెప్పులు సగం కాళ్ళకు తగిలించుకుని గేటు దాటారు. ఏదో సత్రంలో తలస్నానం చేసి కొండెక్కారని తర్వాత తెలిసింది. సగం తాగిన కాఫీ గ్లాసులు అరుగు మీదే ఉన్నాయి. ఆమె చేతి చివరి కాఫీ. గ్లాసులు నేనే కడిగాను.

దినాలకు మా బావ పేపర్లో ఆమె ఫోటో వేయించాడు. కింద ‘అతిథుల పాలిటి అన్నపూర్ణ, పొయ్యి ఆరని ఇంటి ఇల్లాలు’ అని రాయించాడు. చూసినవాళ్ళు బాగా రాశారన్నారు. నేను మాత్రం దాన్ని వాంగ్మూలంలాగా చదువుకున్నాను. చేసినవాడే తాను చేసింది ఒప్పుకుని అచ్చు వేయించినట్టుంది. ఈ నాలుగు మాటలు రాయడానికి అదే కారణం. ఆ ఫోటో చూసినవాళ్ళు ఇది కూడా చదవాలి. ఆమె అలసిపోయిన మనిషి. కోపం ఉన్న మనిషి. ఆ కోపాన్ని నవ్వుతూ, జాగ్రత్తగా, ఎక్కడా తొణకకుండా మోసింది. పోతూ నాకిచ్చి పోయింది.

తిరుపతిలో ఇల్లున్నవాళ్ళకు ఇది వివరించనక్కర్లేదు. ఇతర ఊళ్ళవాళ్ళకు చెప్పాలి. ఇక్కడ ఇల్లు ఉందంటే దానికి ఎప్పుడూ ఎవరో ఒకరు వస్తూనే ఉంటారు. పెళ్ళయితే వస్తారు, బిడ్డ పుడితే వస్తారు, పరీక్ష పాసయితే వస్తారు, ఫెయిలయినా వస్తారు. దేవుడి కోసమే వస్తారు. కానీ దేవుడు వేడినీళ్ళు కాచి ఇవ్వడు. తెల్లవారుజాము దర్శనానికి పోయేవాళ్ళ కోసం ఆమె ఎన్నడూ తెల్లవారేదాకా పడుకోలేదు. "పైన ఉండే ఆయన బాగుండాడు. కింద ఉండేది నేను" అనేది.

నేను కాలేజీలో ఫిజిక్స్ చెప్పి రిటైరయ్యాను. మాకు పిల్లలు లేరు. "రెండు గదులూ ఖాళీగా పడుండాయి గదప్పా" అనేది మా బావ మాట. ఆ గదులు ఎందుకు ఖాళీగా ఉన్నాయో ఆయనకు తెలుసు. అయినా ఆ మాట ఆమె వడ్డిస్తుండగానే అనేవాడు. ఆమె గరిటె ఆగేది కాదు. నేను ఆమె చేతినే చూసేవాణ్ణి.

ఆయన మా అక్క మొగుడు. పెద్దమనిషి. పలమనేరులో ఎవరు కొండకు బయల్దేరినా "సత్రం ఎందుకు, తిరుపతిలో మా బామ్మర్ది ఇల్లుండాది" అని భుజం తట్టి పంపేవాడు. ఊళ్ళో ఆయనకున్న మంచిపేరు సగం మా వంటింట్లో తయారయింది. మా అక్క పోయి చాలాకాలమైంది. ఆయన రాకపోకలు మాత్రం ఎప్పట్లాగే సాగాయి. ముక్కోటి ఏకాదశికి తప్పకుండా వ్యాను నిండా జనంతో దిగేవాడు.

దిళ్ళ సంగతి ఒకటి చెప్పాలి. గుండు చేయించుకుని, తలకు తడి గంధం పట్టించుకుని కొండ దిగివచ్చినవాళ్ళు నేరుగా మా దిళ్ళ మీద వాలేవాళ్ళు. గలీబుల మీద గుండ్రటి పసుపుపచ్చ మరకలు. ఆమె సబ్బుతో రుద్దేది, నిమ్మకాయతో రుద్దేది, ఎండలో వేసేది. "నా చేతుల్లో గీతలు అరిగిపోయినాయి గానీ వీళ్ళ భక్తి మాత్రం వదల్లేదు" అని నవ్వేది. చుట్టాలు పోతూ పోతూ సగం తుంచిన లడ్డు ఆమె చేతిలో పెట్టేవాళ్ళు. "తీసుకోమ్మా, నీకూ పుణ్యం వస్తాది." తిరుపతి మనిషికి తిరుపతి లడ్డు! ఆమె కళ్ళకద్దుకుని తీసుకుని, వాళ్ళు వీధి మలుపు తిరిగాక పెరట్లో చీమల పుట్ట దగ్గర పెట్టేది. "పుణ్యం నాకొకదానికేనా? వీటికీ రావాల గదా."

నేను రిటైరైన తర్వాత ఒకరోజు బస్టాండు దగ్గర నడుస్తుంటే ఆమె ఆగిపోయింది. ఒక ట్రావెల్స్ ఆఫీసు గోడకు పెద్ద బొమ్మ అంటించి ఉంది. నీలం నీళ్ళు, తెల్లటి ఇసుక, వంగిన కొబ్బరిచెట్టు. కింద అండమాన్ అని రాసి ఉంది.

"ఈడికి పోదాం" అంది.

"ఏముంది అక్కడ?"

"ఏమీ లేదు. ఆడి నుంచి కొండ కనపడదు."

మా పెరట్లో నిలబడితే ఎదురుగా కొండే. బట్టలు ఉతికేటప్పుడు, ఆరేసేటప్పుడు, తీసేటప్పుడు కనిపించేది అదే. ఇద్దరం ఆ ఆఫీసు లోపలికి పోయి కూర్చున్నాం.

ట్రావెల్స్ ఆయన మర్యాదస్తుడు. మా ఇద్దరి వయసు చూసి ఆయనే ఒక కాగితం మీద రాయడం మొదలుపెట్టాడు. "పెద్దవాళ్ళు గదా సార్, శ్రమ లేకుండా పెడతా. దిగిన రోజు మురుగన్ గుడి. మరుసటి రోజు మ్యూజియం. మధ్యాహ్నం రెస్టు. సాయంత్రం జైలు చూపిస్తాం, దీపాలతో ఆట ఉంటుంది."

ఆమె కుర్చీ ముందుకు జరుపుకుంది. "ఏమప్పా, తిరుపతి నుంచి సముద్రం దాటి పొయ్యి గుడి సూడాల్నా?"

"చాలామంది అడుగుతారమ్మా."

"నేను అడగలా. గుడి కొట్టెయ్. జైలు గూడా కొట్టెయ్. కటకటాలు మా వంటింటి కిటికీకి ఉండాయి."

ఆయన నా వైపు చూశాడు. నేను సీలింగ్ ఫ్యాన్ చూస్తున్నాను.

"మరి అడుగున అద్దం ఉండే పడవ ఉందమ్మా. కూర్చుంటే కింద చేపలు, రంగురాళ్ళ మాదిరి పగడాలు అన్నీ కనపడతాయి."

"చేపలు మనల్ని ఏమన్నా అడగతాయా?"

"చేపలేం అడుగుతాయమ్మా?"

"అయితే అది రాయి."

అట్లా సాగింది. సముద్రస్నానం కావాలంది. ఈత వచ్చా అని ఆయన అడిగాడు. రాదు, ట్యూబు కట్టమంది. ఎంతసేపు పెట్టమంటారని అడిగితే కొంచెం ఆలోచించి, "ఎవురూ పిలవనంత సేపు" అంది. ఆయన పెన్ను ఆగింది. తర్వాత ఏదో రాసుకున్నాడు. పొద్దున ఎన్ని గంటలకు బండి పంపాలని అడిగాడు. ఎండ ముఖం మీద పడేదాకా లేవనని, బండి ఆ తర్వాతే రావాలని చెప్పింది. పొద్దున కాఫీ గదిలోకి నేనే తెచ్చివ్వాలని, హోటలువాళ్ళు తేకూడదని కూడా చెప్పింది. అది ట్రావెల్స్ వాళ్ళ పని కాకపోయినా ఆయన రాసుకున్నాడు. చివరగా, "ఆడ దిండు గలీబులు తెల్లగా ఉంటాయి గదా?" అని అడిగింది. ఉంటాయమ్మా అన్నాడు. ఆ ప్రశ్న ఎందుకో ఆయనకు తెలియదు.

తేదీ ముక్కోటికే పెట్టమంటే నేను ఒక మాట అన్నాను. సంక్రాంతి దాటాక పోదాం, అప్పుడు రద్దీ తగ్గుతుంది, ముక్కోటికి ఊరంతా జనం కదా అన్నాను.

"రద్దీ ఈడ ఉండాల. మనం ఆడ ఉండాల" అంది.

అప్పుడు అర్థమైంది నాకు. ఆమెకు సముద్రం ఎంత ముఖ్యమో, ముక్కోటి రోజు మా ఇంటి ముందు ఆగే వ్యాను అంతే ముఖ్యం. బావ వ్యాన్లోంచి దిగాలి. గేటు తీయాలి. తలుపు మూసి ఉండాలి. ఆమె దాన్ని చూడదు. చూడనక్కర్లేదు. "నేను నీళ్ళలో ఉంటా. ఆ టయానికి వాళ్ళు తలుపు ముందర ఉంటారు. అది తెలిస్తే సాలు నాకు."

ఆ ఏడు బ్రహ్మోత్సవాలకు బావ వచ్చినప్పుడు టీవీ పక్కన అండమాన్ కాగితం చూశాడు. పడీ పడీ నవ్వాడు.

"అండమానా! ఎవురిని సంపినావమ్మా చెల్లీ, ఆడికి పంపతా ఉండారు?"

"ఇంకా ఎవురినీ సంపలేదన్నా. చూస్తా ఉండా" అంది ఆమె, ఆయన ఆకులో పప్పు వేస్తూ.

ఆయన ఇంకా నవ్వాడు. తర్వాత, "పొయ్యేటప్పుడు తాళంచెవి పక్కింట్లో ఇచ్చి పొండి. మేం వస్తే ఇల్లు వాడుకుంటాం. ఊరికే మూసిపెట్టేదెందుకు?" అన్నాడు. హాస్యం కాదు, నిజంగానే అన్నాడు. ఎప్పుడు పోతున్నారని మాత్రం అడగలేదు. మేం ఎక్కడికో పోతామని ఆయన నమ్మలేదు.

ఆయన పోయిన మరునాడు ఆమె తాళం కోసం వెతికింది. ఇల్లంతా వెతికాం. బీరువా తాళాలున్నాయి, పెట్టె తాళాలున్నాయి. వీధి తలుపుకు వేసే తాళం లేదు. కొన్న గుర్తు కూడా లేదు. ఇద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. ఆ ఇంట్లో కాపురం పెట్టిన తర్వాత అందులో ఎవరూ లేని రోజు ఒక్కటీ రాలేదు. ఎవరో ఒకరు ఉండేవాళ్ళు. బయటి గడియ మీద రంగు మీద రంగు పడి అది తలుపులో భాగమైపోయింది. నేను స్క్రూడ్రైవరుతో రంగు గీకాను. ఆమె కొబ్బరినూనె వేసింది. చాలాసేపటికి కదిలింది.

ఆ సాయంత్రం గాంధీరోడ్డుకు పోయి అరచేతి వెడల్పు ఇత్తడి తాళం కొన్నది. చిన్నవి చూపిస్తే ఒప్పుకోలేదు. "వీధిలో నిలబడితే కనపడాల" అంది. అంగడాయన రెండు చెవులు ఇచ్చాడు. ఒకటి నాకిచ్చి, ఒకటి పిన్నీసుకు తగిలించి తాళిబొట్టు గొలుసుకు పెట్టుకుంది. ఇంటికి వచ్చాక నన్ను బయటికి రమ్మని, తలుపు మూసి, తాళం వేసింది. గేటు బయటికి పోయి, వీధి మధ్యలో నిలబడి చూసింది. పక్కింటి టీచరమ్మ బయటికి వచ్చి, "ఏందక్కా, ఇంటిని కొత్తగా సూస్తా ఉండావు?" అని అడిగింది.

"బాగుండాది గదమ్మా?" అంది మా ఆవిడ.

అంత తృప్తిగా ఆమె దేన్నీ చూడటం నేను ఎరగను. ఆ తర్వాత కొన్ని సాయంత్రాలు ఊరికే తాళం వేసి, వీధిలో నిలబడి, చూసి, మళ్ళీ తీసేది. "ఇంతకాలం మంచిదాన్ని అనిపించుకున్నా. ఇంక మానేస్తా" అనేది.

కార్తీకంలో పోయింది. తాళంచెవి గొలుసుకు అట్లే ఉంది. నేను తీసి నా చెవితో కలిపి పెట్టుకున్నాను.

పదకొండో రోజు బావ వచ్చాడు. వచ్చిన వ్యాన్లో కర్మకు సంబంధం లేని ముగ్గురిని కూడా ఎక్కించుకొచ్చాడు. "బండి ఎట్లాగూ వస్తా ఉండాది గదా, వీళ్ళకు దర్శనం అయిపోతాదని" అన్నాడు. భోజనాలయ్యాక వంటింట్లోకి పోయి పెద్ద గిన్నెలు ఎక్కడున్నాయో చూసుకుని వచ్చి నా పక్కన కూర్చున్నాడు.

"సూడప్పా, నీకు ఏటిసూతకం. ఏడాది నువ్వు కొండెక్కగూడదు, గుడి గడప తొక్కగూడదు. మాది వేరే గోత్రం. మాకు ఆ అంటు లేదు. ముక్కోటికి మేం ఎప్పటి మాదిరే వస్తాం. వంటమనిషిని నేనే తెస్తా. నీకూ తోడుగా ఉంటాది. ఏమంటావ్?"

ఆ నలుగురు కాఫీ వదిలి పరుగెత్తినప్పుడు పనిచేసిన మైల, ఈయన వ్యాను ముందు పనిచేయదన్నమాట. నేను ఆయన ముఖం చూశాను. చెడ్డ ముఖం కాదు. అందులో అనుమానం కూడా లేదు. ఆ ఇల్లు ఆయనదని ఆయన మనస్ఫూర్తిగా నమ్మాడు.

"రండి బావా. తప్పకుండా రండి" అన్నాను.

ట్రావెల్స్ ఆఫీసుకు పోయాను. సంగతి విని ఆయన కళ్ళు తుడుచుకున్నాడు. అమ్మగారి టికెట్టు రద్దు చేసి, నాకు వేరే ఊరు ఏదైనా చూడమంటారా అని అడిగాడు. ఏదీ రద్దు చేయవద్దన్నాను. ఆమె చెప్పించినదాంట్లో ఒక్క ముక్క మార్చవద్దన్నాను.

అండమాన్‌లో అస్థికలు కలపడానికి పోయానని మా చుట్టాల్లో ఒకరు సర్దిచెప్పారట. ఆ ఉపకారం నాకు వద్దు. అస్థికలు ఇక్కడే, పద్ధతి ప్రకారం కలిపాను. అక్కడికి విహారానికే పోయాను. భార్య పోయి నాలుగు వారాలు తిరక్కుండా, ఏటిసూతకంలో, సముద్రంలో ఆడుకోవడానికి పోయాను. ఈ సంగతి వాళ్ళు వెనకాల అనుకుంటున్నారు కాబట్టి ముందుగా నేనే అచ్చులో చెబుతున్నాను.

మద్రాసు నుంచి విమానంలో నా పక్క సీటు ఖాళీగా వచ్చింది. ఆ సీటులో సంచి కూడా పెట్టలేదు. గదిలో గలీబులు తెల్లగా ఉన్నాయి. పొద్దున చీకట్లోనే మెలకువ వచ్చింది, అలవాటు. ఎండ ముఖం మీద పడేదాకా లేవలేదు. కిందికి పోయి రెండు కాఫీలు తెచ్చాను. ఒకటి తాగాను. రెండోది ఎండలో పెట్టి అది చల్లారేదాకా చూశాను. దాన్ని సగంలో వదిలిపెట్టి ఎవరూ పరుగెత్తలేదు.

అద్దం పడవలో బెంగాలీవాళ్ళు ఎవరో, ఒక్కరే వచ్చారా అని హిందీలో అడిగారు. లేదన్నాను. కింద చేపలు గుంపులుగా వచ్చాయి, పోయాయి. నీలంవి, పచ్చవి, చారలవి. అవి నిజంగానే ఏమీ అడగలేదు. గుడికి పోలేదు. జైలుకూ పోలేదు. డ్రైవరు రెండుసార్లు చెప్పి చూశాడు.

ముక్కోటి పొద్దున ట్యూబు నడుముకు తగిలించుకుని నీళ్ళలో దిగాను. నాకూ ఈత రాదు. అల లేపింది, దించింది. ఈ వేళకు వ్యాను వచ్చి ఉంటుందని అనుకున్నాను. బావ దిగి ఉంటాడు. గేటు తీసి ఉంటాడు. నాకు సంతోషం వేసింది. పూర్తి సంతోషం, అందులో జాలి కలవలేదు. ఆమె పడవలసిన సంతోషం కనుక ఎక్కడా తగ్గించకుండా పడ్డాను. చాలాసేపు నీళ్ళలోనే ఉన్నాను. ఎవరూ పిలవలేదు. ఎవరూ పిలవకపోతే ఎట్లా ఉంటుందో ఆమెకు తెలియదు. నాకు తెలిసింది.

తిరిగి వచ్చాక పక్కింటి టీచరమ్మ గేటు దగ్గరే ఆపి జరిగింది చెప్పింది.

"వచ్చినారు సార్. వ్యాను నిండా జనం. మీ బావ తాళం పట్టుకోని లాగినాడు. నిజం తాళమేనా అని మళ్ళీ లాగినాడు. తర్వాత మా గేటు కాడికి వచ్చి, ‘ఏమ్మా, వీడు యాడికి పోయినాడు?’ అన్నాడు. అండమాన్ పోయినారన్నా అని చెప్పినా. ‘ఒకడేనా?’ అన్నాడు. మీరు చెప్పమన్నట్టే చెప్పినా సార్. ఇద్దరూ పోయినారు అని."

"ఏమన్నాడు?"

"మీ మెట్టు మీద కూసున్నాడు. వ్యాన్లో ఆడోళ్ళు మా ఇంట్లో దిగతామని అడిగినారు. నేను స్కూలుకు పోతా ఉండా గదా, నేను గూడా తాళం వేసుకోని పోయినా." మా తలుపు వైపు చూసి అంది, "అక్క ఉంటే నవ్వేది సార్."

కొండ దిగి సాయంత్రం మళ్ళీ వచ్చారట. అప్పటికైనా ఎవరైనా తలుపు తీస్తారని. తాళం మళ్ళీ లాగి చూసి, కొంతసేపు నిలబడి పోయారట.

ఆ వారం బావ ఫోన్ చేశాడు. "నలుగురిలో తల తీసేసినావు గదప్పా. రమ్మని నువ్వే గదా అన్నావు?"

"రమ్మన్నాను బావా. ఉంటానని అనలేదు."

ఫోన్ పెట్టేశాడు. మళ్ళీ చేయలేదు. పలమనేరులో ఇప్పుడు ఎవరైనా కొండకు బయల్దేరితే ఆయన భుజం తట్టడం లేదని విన్నాను. సత్రాలు బాగున్నాయని చెబుతున్నాడట.

ఆరోజు టీచరమ్మ చెప్పింది విని తలుపు తీయబోయాను. ఇత్తడి తాళం మీద నాలుగు వేళ్ళ గుర్తులు, వెనక బొటనవేలి గుర్తు. కొత్త గుండు తడుముకున్న చెయ్యే తాళం పట్టి లాగింది. గంధం ఎండి, పగిలి, పసుపుపచ్చగా అంటుకుపోయి ఉంది. ఆమె ఉంటే నిమ్మకాయ తెచ్చేది.

తాళం తీసి ఆ గడియకే తగిలించాను. ఇప్పుడు నేను ఇంట్లో ఉన్నా, లేకపోయినా అది అక్కడే, వీధికి ఎదురుగా వేలాడుతుంది. పొద్దున ఎండ వచ్చి దాని మీద పడుతుంది. ఆ మరక నేను తుడవలేదు.